వృద్ధాశ్రమంలో అద్దాల గది: ఎండ మేలు అందుతుందా?

వృద్ధాశ్రమానికి అద్దాల గది కట్టిస్తే పెద్దలకు డి విటమిన్ అందుతుందా అని అడిగారు. అందదు. అందుకు కావలసిన అతినీలలోహిత-బి కిరణాలను మామూలు అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అయినా తప్పక కట్టించండి. పగటి వెలుగు కంటికి తగిలితే రాత్రి నిద్ర గాడిలో పడుతుంది.

అసలు భయం వేడితోనే. వయసు మీదపడ్డాక దాహం సరిగా తెలియదు, చెమటా తక్కువే. లోపలి కర్టెన్లను నమ్ముకోవద్దు: ఎండ అద్దం దాటి వచ్చాకే వాటిని తాకుతుంది, ఆ వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది. నీడ బయటి వైపు కల్పించాలి, పైన తెరుచుకునే కిటికీలూ కావాలి. గడప వద్దు, చేతికర్ర దానికి తగిలి పడిపోతారు. నేల మెరవకూడదు. మెరిసే నేలను తడి అనుకుని డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) ఉన్నవారు అడుగు వేయడానికే జంకుతారు.