ఇంట్లో డబ్బుకు కటకటగా ఉంది, ఆన్‌లైన్‌లో నిజంగా సంపాదించవచ్చా?

ఉద్యోగం పోయి మూడు నెలలైంది, అద్దె కట్టాలి, చేతిలో ఫోనూ నెట్టూ ఉన్నాయి, మోసం కాని పని ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. ఉంది. 2020 నుంచి నా ఇంటి ఖర్చులో సగం పైగా అలా వచ్చిన డబ్బుతోనే గడుస్తోంది. కానీ ఈ నెల అద్దెకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఊళ్ళో రోజు కూలి పనైనా సరే, దొరికింది చేస్తూ పక్కన ఇది మొదలుపెట్టండి. నేను అలా చేయలేదు, అందుకే చెబుతున్నాను.

నాది తెనాలి. ఒక ప్రెస్సులో డీటీపీ, అంటే అచ్చుకు వెళ్ళే పేజీలు కంప్యూటర్‌లో కూర్చే పని చేసేవాణ్ణి. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. వైశాఖం, జ్యేష్ఠం వచ్చాయంటే రాత్రి పదింటిదాకా సిస్టమ్ ముందు నుంచి లేచే తీరిక ఉండేది కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. పెళ్ళిళ్ళు ఆగాయి, కార్డులు ఆగాయి, నా జీతం ఆగింది. మే నెలలో ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఇంటి దగ్గరే డేటా ఎంట్రీ, 400 పేజీలు, పేజీకి 30 రూపాయలు, ఐదు రోజుల గడువు. రిజిస్ట్రేషన్‌కు 2,200. లెక్క వేస్తే 12,000. ఇరవై ఏళ్ళుగా టైపింగే నా కూడు, నేను కాక ఇంకెవరు చేస్తారు అనుకున్నాను. మా ఆవిడ బంగారం లోను వడ్డీకి దాచిన డబ్బు తీసి కట్టాను. ఆవిడకు చెప్పలేదు.

వచ్చినవి మసక మసకగా ఉన్న ఇంగ్లీషు పేజీల ఫొటోలు. ఎండాకాలం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. రెండు పేరాలకోసారి సేవ్ కొట్టుకుంటూ ఐదు రాత్రులు కూర్చున్నాను. గడువు ఇంకా ఆరు గంటలు ఉండగానే పంపించాను. మర్నాడు రిపోర్టు వచ్చింది: మీ పనిలో 82 శాతమే కరెక్టు, 90 ఉండాలి, డబ్బు రాదు. ఆ వెనకే ఇంకొకటి. ఒప్పందం తప్పారు కాబట్టి 24 గంటల్లో 6,500 కట్టాలి, లేకపోతే కోర్టు కేసు. మూడు సింహాల ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. గంటకోసారి ఫోను. మొదట ఒక అమ్మాయి, తర్వాత లాయర్ని అంటూ ఒకడు. ఏడో తరగతి చదివే మా పాప వింది. "పోలీసులు వస్తారా నాన్నా" అని అడిగింది.

అప్పుడు మా ఆవిడకు చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. "ఇంకా ఏమైనా కట్టావా?" అని ఒక్క మాట అడిగి, నా ఫోన్ తీసుకుని వీధి చివర ఉండే ఒక పెద్దాయన ఇంటికి నడిచింది. ఆయన కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కళ్ళజోడు పెట్టుకుని రెండు నిమిషాలు చూశారు. "కేసు నంబరు ఏదిరా అబ్బాయ్? ఏ కోర్టు, ఏ ఊరు? ఫలానా ఫోన్ నంబరుకు డబ్బు వెయ్యమని ఏ కోర్టైనా రాస్తుందా?" అన్నారు. అప్పుడు మళ్ళీ చూశాను ఆ కాగితాన్ని. ముద్ర చుట్టూ సన్నగా తెల్లటి అంచు ఉంది, ఎక్కడినుంచో కత్తిరించి అతికించినట్టు. శుభలేఖల మీద వినాయకుడి బొమ్మలు ఇరవై ఏళ్ళు అతికించినవాణ్ణి, అలాంటి అంచు కనపడకుండా ఉండదు నాకు. భయంలో కనపడలేదు. ఆ నంబర్లన్నీ బ్లాక్ చేశాం. ఏ కేసూ రాలేదు. 2,200 మాత్రం పోయాయి.

ఆ రోజుల్లో సైబర్ మోసాలు చెప్పుకునే 1930 నంబరు లేదు. ఇప్పుడు ఉంది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే దానికి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో ఆ డబ్బును ఆపే వీలు అంత ఉంటుంది. పరువు పోతుందని రెండు రోజులు కూర్చుంటే అది నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఇక నాకు నిజంగా డబ్బు వచ్చింది ఎలాగో చెబుతాను. డల్లాస్‌లో ఉండే ఒకాయన, అంతకుముందు వాళ్ళ నాన్నగారి షష్టిపూర్తి కార్డు నా దగ్గరే చేయించుకున్నారు. ఆ నాన్నగారు తెలుగు మాస్టారు, మూడు నోటుబుక్కుల నిండా పద్యాలు రాసిపెట్టారు. అవి యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే తెలుగులో, టైపు చేయగలరా అని వాట్సాప్‌లో అడిగారు. పేజీకి 25 అనుకున్నాం. మాస్టారు అరసున్నలు, బండి ఱలు వదలకుండా రాసేవారు. అరసున్న తీసేసి, బండి ఱ బదులు మామూలు ర కొట్టేస్తే పని సగం తేలికవుతుంది. నేను ఒక్కటి కూడా వదల్లేదు. చదవరాని చోట ఊహించకుండా ఫొటో తీసి పంపి అడిగాను. 212 పేజీలకు 5,300. గుంటూరులో ఉన్న వాళ్ళ అక్కగారు ఫోన్‌పే చేశారు. రిజిస్ట్రేషన్ లేదు, ఫీజు లేదు. ఆ పేజీలు చూసి ఆయనే ఇంకో ఇద్దరికి నా నంబరు ఇచ్చారు.

తర్వాత అనూ ఫాంట్ల పని దొరికింది. అవి ప్రెస్సుల్లో వాడే తెలుగు ఫాంట్లు, యూనికోడ్ కావు. పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో అనూతో కొట్టిన పాత పుస్తకాల ఫైళ్ళు రచయితల దగ్గర గుట్టలుగా ఉన్నాయి. ఆ ఫాంట్ తీసేస్తే లోపల ఉండేవి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలే, గూగుల్‌లో వెతికినా దొరకవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే టూల్స్ ఉన్నాయి గానీ వత్తులు ఎగిరిపోతాయి. కూర్చుని ప్రతి వాక్యం సరిచూసే మనిషి కావాలి. మొదటి నెల 1,800 వచ్చింది. ఆరు నెలలకు ఎనిమిది, తొమ్మిది వేలకు చేరింది. నెట్ నాకు కొత్త పనేమీ నేర్పలేదు. నాకు వచ్చిన పనికే దూరాన ఉన్న గిరాకీని తెచ్చిపెట్టింది. మీకైనా ఇంతే, ఖచ్చితంగా.

ఇందులోనూ ఏడిపించేవాళ్ళు ఉన్నారు. ఒక ప్రచురణకర్త ప్రూఫులు దిద్దిన డబ్బు ఎనిమిది నెలలు తిప్పించుకుని ఇచ్చాడు, అదీ 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే ఆదాయపు పన్ను, పట్టుకుని. పన్ను పడేంత ఆదాయం లేనప్పుడు ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే ఆ పట్టుకున్నది వెనక్కి వస్తుందని నాకు రెండేళ్ళు ఎవరూ చెప్పలేదు. మీకు మొదటిసారి టీడీఎస్ పట్టుకున్న సంవత్సరమే రిటర్న్ వేయండి.

యూట్యూబ్ పెట్టమని అందరూ చెబుతారు. ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్. ఆ తర్వాత కూడా 100 డాలర్లు జమయ్యేదాకా చేతికి రాదు. అప్పటిదాకా అద్దె ఎవరు కడతారు? నెలకు యాభై వేలు అని వీడియోలు చేసే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చూసేవాళ్ళలో మనలా అప్పుల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ.

టెలిగ్రామ్‌లో హోటళ్ళకు రేటింగ్ ఇస్తే 150 ఇస్తామంటారు. నిజంగానే ఇస్తారు, ఒకటి రెండుసార్లు. తర్వాత పెద్ద టాస్క్‌కు ముందు 5,000 కట్టమంటారు. అక్కడితో ఆపేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టమనేవాడూ మోసగాడే, పిన్ అనేది పంపడానికి. అన్నిటికంటే ప్రమాదం, మీ బ్యాంకు ఖాతా కొన్నాళ్ళు వాడుకుని కమీషన్ ఇస్తామనేవాళ్ళు. మా వీధిలో ఒక కుర్రాడు డిగ్రీ అయ్యాక ఆ ఆశకు పోయి పాస్‌బుక్, సిమ్ ఇచ్చాడు. ఎవరినో మోసం చేసిన డబ్బు అతని ఖాతాలోంచి వెళ్ళింది. ఖాతా ఫ్రీజ్ అయింది, పోలీసులు ఇతన్నే వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళమ్మ ఆ స్టేషన్ చుట్టూ తిరగడం నేను చూశాను.

మీకు ఏ పని వచ్చో ప్రశ్నలో రాయలేదు. పిల్లలకు లెక్కలు చెప్పగలరా? టాలీ తెలుసా? జాకెట్లు కుడతారా? అది రాయండి, ఇక్కడ తెలిసినవాళ్ళు చెబుతారు. తెలుగు తప్పుల్లేకుండా టైపు చేయగలిగితే నాకు మెసేజ్ పెట్టండి. పది పేజీలు ఇచ్చి చూస్తాను, ఆ పదికీ డబ్బు ఇస్తాను. మీరు నాకు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఇంట్లో వాళ్ళకు చెప్పి మరీ మొదలుపెట్టండి.