ఆర్లింగ్టన్ ఎస్టేట్ ప్రభుత్వానికి ఎలా దక్కింది?

ప్రశ్న: నేను వర్జీనియాలో ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య అమ్మానాన్నలకు ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటిక చూపించాను. ఒకప్పుడు బానిసలతో సేద్యం చేయించిన ఆ ఎస్టేటును 92 డాలర్ల పన్ను బాకీకి వేలం వేశారట. తర్వాత వారసుడు కోర్టులో గెలిచాడట. మరి భూమి ప్రభుత్వం దగ్గరే ఎందుకుంది? గుంటూరు జిల్లాలో మా తాతగారు తన పొలాన్ని నాయనమ్మ బతికున్నంతకాలం అనుభవించేలా, ఆమె తదనంతరం నాకు చెందేలా వీలునామా రాశారు. నీటి తీరువా బకాయి ఉంది. అందుకే టెన్షన్.

జవాబు: అక్కడిదీ మీలాంటి వీలునామానే. 1857లో చనిపోయిన ఎస్టేటు యజమాని జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్ 1,100 ఎకరాలను కూతురు మేరీకి జీవితకాలానికే ఇచ్చి, తర్వాత పెద్ద మనవడు కస్టిస్ లీకి రాశాడు. అల్లుడు జనరల్ రాబర్ట్ లీకి అందులో సెంటు భూమి కూడా లేదు. అయిదేళ్లలోపు బానిసలను విడిచిపెట్టమన్నదీ ఆ వీలునామానే. రాబర్ట్ లీ ఆ పని చేసింది గడువు దాటాక, 1862 డిసెంబరులో.

అంతర్యుద్ధం మొదలయ్యాక తిరుగుబాటు రాష్ట్రాల భూములపై అమెరికా ప్రభుత్వం పన్ను వేసింది. మేరీ తరఫున బంధువు డబ్బు తీసుకెళ్తే, యజమానే స్వయంగా రావాలని అధికారులు తిప్పి పంపారు. తిరుగుబాటుదారుల సేనాని లీ భార్య సైన్యాలను దాటుకుని ఎలా వస్తుంది? 1864 జనవరి వేలంలో ప్రభుత్వమే 26,800 డాలర్లకు పాడుకుంది. మే నెల నుంచి అక్కడ సైనికులను ఖననం చేయసాగింది.

మేరీ 1873లో పోయింది. ప్రభుత్వం ఒప్పుకోకుండా దానిపై దావా చెల్లదు కనుక, కొడుకు ఆ భూమిని స్వాధీనంలో ఉంచుకున్న అధికారులపై వేశాడు. తెలివైన ఎత్తు. పన్ను వేరొకరు కడతామన్నా తీసుకోకపోవడం తప్పని, కాబట్టి వేలం చెల్లదని 1882లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. అప్పటికే అక్కడ వేల సమాధులు. 1883లో అతను లక్షన్నర డాలర్లు తీసుకుని ప్రభుత్వానికే అమ్మేశాడు. అంటే ప్రభుత్వం ఇవాళ చూపించాల్సిన కాగితం వేలానిది కాదు, ఆ అమ్మకానిది.

నాకు మరియా సైఫాక్స్ సంగతే ఎక్కువ పట్టింది. వీలునామా రాసిన కస్టిస్‌కు ఒక బానిస స్త్రీ వల్ల పుట్టిన కూతురామె. ఆయన ఆమెకు 17 ఎకరాలు నోటిమాటగా ఇచ్చాడు. దస్తావేజు లేదు కనుక వేలంలో అదీ పోయింది. చివరికి 1866లో కాంగ్రెస్ ఆమె కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేసి హక్కు ఇచ్చింది. విముక్తులైనవారికి అదే ఎస్టేటులో వెలసిన ఫ్రీడ్‌మన్స్ విలేజ్‌ను 1900లో ఖాళీ చేయించారు.

మీ బకాయికి భయపడక్కర్లేదు. మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టమే. దాని ప్రకారం వేలానికి ముందురోజు సూర్యాస్తమయంలోపు బకాయిదారు తరఫున ఎవరైనా కట్టవచ్చు. అంతదాకా ఆగకుండా ఇప్పుడే నాయనమ్మ పేరున కట్టించి రసీదు దాచుకోండి.

అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్, 1977 నాటి తులశమ్మ కేసు తీర్పు ప్రకారం, భార్యకు మనోవర్తి హక్కు కింద ఇచ్చిన జీవితకాల హక్కు పూర్తి హక్కుగా మారిపోతుంది. అప్పుడు ఆమె పొలాన్ని ఎవరికైనా అమ్మవచ్చు, రాసివ్వవచ్చు. తాతగారు ఏ మాటలతో రాశారన్నది ఇక్కడ కీలకం. ఆ వీలునామా నకలు తీయించి, గుంటూరులో సివిల్ లాయరుకు చూపించండి.