థీసిస్ మొదలుపెట్టబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక బ్రిటిష్ పక్షం వాళ్లు కెనడాకు తరలిపోయి స్థిరపడటం మీద థీసిస్ రాస్తున్నావనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. జీవితమంతా కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి, అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

బ్రిటిష్ రాజు పక్షాన నిలిచిన వాళ్లని 'లాయలిస్టులు' అంటూ అందరినీ ఒకే గాటన కట్టకు. ఊళ్లు వదిలిన వాళ్లు దాదాపు 60,000 మంది. వాళ్లలో సుమారు సగం మంది కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా వైపు వెళ్లారు. 1784లో న్యూ బ్రన్స్‌విక్ అనే వేరే కాలనీ ఏర్పడింది వాళ్ల వల్లే. ఆ గుంపులో భూస్వాములున్నారు, కొలువు పోయిన సిపాయిలున్నారు, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన నల్లవాళ్లున్నారు, భూస్వాములు వెంట తెచ్చుకున్న బానిసలూ ఉన్నారు. ఒకే రేవులో దిగినా వీళ్ల బతుకులు ఒకటి కావు.

అందుకే ఒక్క మనిషిని పట్టుకో. 1783లో న్యూయార్క్ ఖాళీ చేస్తూ బ్రిటిష్ అధికారులు ఓడలెక్కే నల్లవాళ్ల పేర్లు ఒక రిజిస్టరులో రాయించారు. 'బుక్ ఆఫ్ నీగ్రోస్' అంటారు దాన్ని. సుమారు 3,000 పేర్లున్నాయి. నోవా స్కోషియా ఆర్కైవ్స్ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. 'లాబొండాన్స్' అనే ఓడ జాబితా తియ్యి. హ్యారీ వాషింగ్టన్, వయసు 43, మంచి మనిషి అని ఉంటుంది. పక్కనే, ఇతను జనరల్ వాషింగ్టన్ సొత్తుగా ఉండేవాడు, ఏడేళ్ల కిందట ఆయన్ని వదిలి వచ్చేశాడు అని. స్వేచ్ఛ కోసం యుద్ధం నడిపిన సేనాధిపతి ఇంటి నుంచే ఒక మనిషి తన స్వేచ్ఛ వెతుక్కుంటూ అవతలి పక్షానికి వెళ్లాడన్నమాట. ఆ వరుస దగ్గర ఆగు. తొందరపడి పేజీ తిప్పకు.

అక్కణ్ణుంచి అతని వెంటే నడు. ఓడ దిగిన చోటు షెల్బర్న్ పక్కనున్న బర్చ్‌టౌన్. రాళ్ల నేల, ఎముకలు కొరికే చలి. భూములు ముందు తెల్లవాళ్లకు పంచారు, నల్లవాళ్లలో చాలామందికి అసలే రాలేదు. అదే ఊళ్లో బతికిన బోస్టన్ కింగ్ అనే వడ్రంగి తన ఆత్మకథలో అక్కడి కరువు గురించి రాశాడు. జనం కుక్కల్నీ పిల్లుల్నీ చంపుకు తిన్నారట. 1784 జూలైలో కొలువు పోయిన సిపాయిలు, తక్కువ కూలికి ఒప్పుకుని మా పొట్ట కొడుతున్నారంటూ నల్లవాళ్ల ఇళ్లు కూల్చేశారు. తక్కువ కూలికి ఎందుకు ఒప్పుకున్నారు? భూమి లేదు కాబట్టి. ఈ లంకె బాగా పట్టుకో, నీ థీసిస్‌కి ప్రాణం అదే.

1792 జనవరిలో సుమారు 1,190 మంది 15 ఓడల్లో నోవా స్కోషియాలోని హాలిఫాక్స్ రేవు నుంచి పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు బయల్దేరారు. హ్యారీ కూడా వెళ్లాడు. అక్కడా నేల గొడవే, ఈసారి భూమి శిస్తు మీద. 1800లో తిరగబడ్డ వాళ్లలో అతనున్నాడు, శిక్షగా ఊరి నుంచి వెళ్లగొట్టారు. ఆ తిరుగుబాటును అణచడానికి, ఆ కాలనీని నడిపే సియెర్రా లియోన్ కంపెనీ వాడుకున్నది ఎవర్నో తెలుసా? జమైకా నుంచి తరిమేస్తే అప్పుడే ఓడ దిగిన మరూన్లని, అంటే బానిసత్వం తప్పించుకుని కొండల్లో స్వతంత్రంగా బతికిన నల్లవాళ్ల సంతతిని. ఇల్లు పోయినవాళ్ల మీదికి ఇల్లు పోయినవాళ్లనే ఉసిగొల్పారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఇక ప్రతి ఊరి దగ్గరా అడగాల్సిన ప్రశ్న, ఆ నేల అంతకుముందు ఎవరిది? నోవా స్కోషియాలో అక్కడి ఆదివాసులైన మిక్‌మాక్ జనం బ్రిటిష్ వాళ్లతో స్నేహ ఒప్పందాలు చేసుకున్నారు గానీ భూమి రాసివ్వలేదు. బ్రిటిష్ రాజు తరఫున పోరాడిన మోహాక్ ఆదివాసుల నాయకుడు జోసెఫ్ బ్రాంట్ జనానికీ అన్యాయమే జరిగింది. యుద్ధాన్ని ముగించిన 1783 పారిస్ ఒప్పందంలో వాళ్ల ఊసే లేదు. మరుసటి ఏడాది క్విబెక్ గవర్నర్ హాల్డిమాండ్ ప్రకటనతో, ఇప్పటి ఒంటారియోలోని గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్లు వాళ్లకు ఇచ్చారు. ఆ నేలను మిసిసాగాలనే మరో ఆదివాసీ జనం దగ్గర కొన్నారు. ఇచ్చినదాంట్లో ఇప్పుడు బ్రాంట్ జనం వారసుల చేతిలో మిగిలింది ఐదు శాతం కూడా లేదు.

యుద్ధంలో పోయిన ఆస్తికి లాయలిస్టులు పెట్టుకున్న నష్టపరిహారం అర్జీల మీద మాత్రం మరీ ఆధారపడకు. లండన్ కమిషన్ ముందు ఆస్తి, కాగితం, సాక్షి ఉన్నవాడి మాటే చెల్లింది. ఆ కట్టల్లో ఆడవాళ్లవీ నల్లవాళ్లవీ అర్జీలు తక్కువే. వాటిని వెతికి ముందు చదువు.

నీకు పనికొచ్చే ఇంకో సంగతి. 1781లో యార్క్‌టౌన్ ముట్టడిలో తిండి తగ్గి, మశూచి సోకేసరికి, తమను నమ్మి వచ్చిన నల్లవాళ్లని బ్రిటిష్ సేనాధిపతి కారన్‌వాలిస్ శిబిరం నుంచి బయటికి గెంటించాడు. 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది ఆయనే. ఫుట్‌నోట్‌లో ఒక్క వాక్యం చాలు, అంతకు మించి లాగకు.

ఇంట్రడక్షన్ ఇప్పుడే రాయొద్దు. ముందు బర్చ్‌టౌన్ చాప్టర్ పూర్తిచేసి పంపు, వెంటనే చదివి పెడతాను. ఓడల పేర్లు, తేదీలు మాత్రం రిజిస్టరు స్కాన్‌తో సరిచూసుకున్నాకే పంపాలి సుమా.

మీ పెదనాన్న