ఫ్రెండ్లీ మ్యాచ్ కోసం స్టేడియం దాకా వెళ్ళాలా?

మీరు అడిగింది ఇది: "భారత ఫుట్‌బాల్ జట్టు ఆడే ఫ్రెండ్లీకి స్నేహితులు రమ్మంటున్నారు. కప్పు లేదు, పాయింట్లు లేవు, మనవాళ్ళు గెలుస్తారన్న నమ్మకమూ లేదు. అలాంటి మ్యాచ్‌కి పనిగట్టుకుని వెళ్ళడం దేనికి? వెళ్ళినవాళ్ళెవరైనా చెప్పండి."

నేను వెళ్ళాను. మన జట్టు గెలవని మ్యాచ్‌కే వెళ్ళాను. మీరూ వెళ్ళాలనే అంటాను. ఎందుకో చెప్పాలంటే ఆ రోజు గురించి కొంచెం వివరంగా రాయాలి.

2024 నవంబర్ 18, సోమవారం. హైదరాబాద్ గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. భారత్, మలేషియా ఫ్రెండ్లీ. మా అక్క కొడుకుని వెంట తీసుకెళ్ళాను. వాడప్పుడు తొమ్మిదో తరగతి, స్కూలు జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడతాడు. మర్నాడు స్కూలుంది, మ్యాచ్ మొదలయ్యేసరికే రాత్రవుతుంది, వద్దంటే వద్దంది అక్క. "అక్కా, మన ఊళ్ళో మన దేశం ఆడుతోంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో" అని బతిమాలి ఒప్పించాను.

ఆ ఏడాది మన జట్టు పరిస్థితి తెలిస్తే నా బతిమాలాట మీకు వింతగా అనిపించొచ్చు. జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా మూడింటి చేతిలోనూ ఓడాం. ఒక్క గోలు కూడా కొట్టలేదు. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో ఓడాం. జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0, అదే సునీల్ ఛెత్రి వీడ్కోలు మ్యాచ్. ఆ వెంటనే ఖతార్‌లో ఓటమితో ప్రపంచకప్ క్వాలిఫయింగ్ నుంచి బయటికి. సెప్టెంబర్‌లో ఇదే గచ్చిబౌలిలో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. అక్టోబర్‌లో వియత్నాం వెళ్ళి 1-1. చివరిసారి గెలిచింది 2023 నవంబర్ 16న, కువైట్ మీద. సరిగ్గా ఏడాది దాటిపోయింది. మలేషియా మ్యాచ్ ఆ సంవత్సరానికి ఆఖరిది. గెలవకపోతే ఆ ఏడాది లెక్కలో ఒక్క గెలుపూ లేకుండా పోతుంది.

అందుకే "ఏముందిలే, ఫ్రెండ్లీయే కదా" అన్న ధీమా స్టాండ్స్‌లో ఎవరికీ లేదు. ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చేవాళ్ళే ఆ రోజు వచ్చారు. నీలం చొక్కాలు, రెండు మూడు డప్పులు, గొంతు పోయేలా అరిచే కుర్రాళ్ళు. ఆ స్టేడియంలో మైదానం చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంటుంది కాబట్టి కింది వరుసల్లో కూర్చుంటే ఆట దూరంగా, బల్లపరుపుగా కనబడుతుంది. ఈ సంగతి సిరియా మ్యాచ్‌కే తెలిసింది. ఈసారి నేరుగా పై వరుసలకి ఎక్కేశాం.

అరగంట ముందే చేరుకున్నాం. మ్యాచ్ అంత బాగా గుర్తుండిపోయింది ఆ అరగంట. టీవీలో వార్మప్‌ని అరనిమిషం చూపించి ప్రకటనల్లోకి పోతారు. అక్కడైతే మొత్తం మనదే. జనవరిలో సిరియా మ్యాచ్‌లో మోకాలు దెబ్బతిన్న సందేశ్ ఝింగన్ పది నెలల తర్వాత మళ్ళీ దేశం తరఫున ఆడబోతున్నాడు. మావాడు డిఫెండర్ కదా, వాడి కళ్ళు ఝింగన్ మీద నుంచి కదల్లేదు. పరిగెత్తి ఆగి, పక్కకి తిరిగి, మళ్ళీ పరిగెత్తే ఆ చిన్న చిన్న కదలికల్ని చూస్తూ "ఏ కాలండీ మావయ్యా దెబ్బతింది? తెలియట్లేదే" అన్నాడు. ఏ కాలో తెలియకపోవడమే ఆ ఆటగాడు కోలుకున్నాడనడానికి గుర్తు అని చెప్పాను.

మొదటి పది పదిహేను నిమిషాలు బాగానే గడిచాయి. 19వ నిమిషంలో గోలు పడింది, మన మీద.

మలేషియా వెనక నుంచి ఒక పొడుగు బంతి వేసింది. అందులో ప్రమాదమేమీ కనబడలేదు. మన కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు దాన్ని ముందే తీసేద్దామని గోలు వదిలి పరుగెత్తుకుంటూ బయటికి వచ్చాడు. బంతి ఎగిరే తీరు అంచనా తప్పింది. పావ్‌లో జోస్యుయే ముందు అడ్డు లేదు, కీపర్ లేడు. ఖాళీ గోల్లోకి నెట్టేశాడు. స్టేడియంలో డప్పు మధ్య దెబ్బలో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా వెనక వరుసలో ఎవరో "అయ్యో, అయ్యో" అని రెండుసార్లు అనడం స్పష్టంగా వినబడింది. మావాడు నా మణికట్టు పట్టుకున్నాడు, వదల్లేదు.

"అంత ముందుకి ఎందుకొచ్చాడు మావయ్యా?"

ఆ ప్రశ్నకి జవాబు చెబుతుంటే నాకే మ్యాచ్ కొత్తగా కనబడింది. డిఫెండర్లు నలుగురూ మధ్యగీత వైపు జరిగి ఆడుతున్నప్పుడు వాళ్ళ వెనక చాలా మైదానం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీకి కాపలా కీపరే. ఐదో డిఫెండర్‌లా ముందుకొచ్చి పొడుగు బంతుల్ని తుడిచెయ్యాలి. పది బంతుల్లో తొమ్మిది తుడిచేస్తే ఎవరూ గమనించరు. ఒకటి తప్పితే ఊరంతా మాట్లాడుతుంది. నెల కింద వియత్నాంలో పెనాల్టీ ఆపింది కూడా ఇదే గుర్‌ప్రీత్.

"ఇప్పుడు బంతిని వదిలేసి, ఆయన్నే చూడు" అన్నాను. ఇద్దరం అదే పని చేశాం. ఆట అవతలి సగంలో ఉన్నప్పుడల్లా ఆయన ఎక్కడ నిలబడుతున్నాడా అని. భయపడి గోలుగీత మీదే అతుక్కుపోతాడేమో అనుకున్నాను. లేదు, మళ్ళీ పెనాల్టీ బాక్సు చివరికి వచ్చి నిలబడ్డాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. ఏడాదంతా తిట్లు తింటున్న జట్టు, సొంతగడ్డ మీద, అందరి ముందూ ఆ తప్పు చేశాక కూడా అప్పగించిన పనే చేస్తున్నాడు మనిషి. టీవీలో అయితే ఇది కనబడేది కాదు, కెమెరా బంతి వెంటే పోతుంది.

మీ ప్రశ్నకి నా అసలు జవాబు ఇదే. లీగులోనో, క్వాలిఫయర్‌లోనో అలాంటి తప్పు జరిగితే తర్వాత జట్టు మొత్తం ముడుచుకుపోతుంది, ఫలితం కోసం ఆడుతుంది. ఫ్రెండ్లీలో కోచ్‌కి ఆ భయం తక్కువ. తప్పు జరిగినా నేర్పిన పద్ధతినే కొనసాగించమంటాడు. జట్టు ఏం నేర్చుకుంటోందో, ఎవరు దెబ్బ తిని లేస్తారో, ఎవరు లేవరో అక్కడే తెలుస్తుంది.

39వ నిమిషంలో మనకి కార్నర్ వచ్చింది. బ్రాండన్ ఫెర్నాండెస్ కొట్టిన కార్నర్‌కి రాహుల్ భేకే తల ఆనించాడు. 1-1. దీని గురించి ఎంత రాసినా తక్కువే. ఆ ఏడాది మన జట్టు ఆడింది 11 మ్యాచ్‌లు, కొట్టింది మొత్తం 4 గోళ్ళు. ఆ నాలుగోది నా కళ్ళ ముందు పడింది. ముక్కూ మొహం తెలియని ఒకాయన నన్ను కౌగిలించుకున్నాడు. మావాడు సీటెక్కి నిలబడి అరుస్తుంటే దింపడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

రెండో సగంలో చెప్పుకోవడానికి పెద్దగా లేదు. మార్పులు జరిగాయి, వేగం తగ్గింది, 1-1తోనే ముగిసింది. ఆ ఏడాది గెలుపు లేకుండానే పోయింది. బయటికి వస్తుంటే బాధగానే ఉంది, దాచను. అప్పటి మన కోచ్ మనోలో మార్కెజ్ ఇదే ఊళ్ళో హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్‌గా 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) టైటిల్ తెచ్చిపెట్టిన మనిషి. దేశం కోచ్‌గా అదే మైదానానికి వచ్చి ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా వెళ్ళడం మా ఊరివాళ్ళకి ఇంకాస్త ఎక్కువ కష్టమనిపించింది.

ఇక "పాయింట్లు లేవు" అన్న మాట. అది తప్పు, చాలామందికి ఉన్న అపోహే. 2018 నుంచి ఫిఫా ర్యాంకింగ్ లెక్క మారింది. ప్రతి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ తర్వాతా జట్టు పాయింట్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఎంత అన్నది మ్యాచ్ బరువును బట్టి ఉంటుంది. ఫిఫా కేటాయించిన తేదీల్లో ఆడే ఫ్రెండ్లీకి బరువు 10, ఆ తేదీలు కాకపోతే 5, క్వాలిఫయర్‌కి 25. సమవుజ్జీ జట్టు మీద ఫ్రెండ్లీ గెలిస్తే దాదాపు 5 పాయింట్లు వస్తాయి, డ్రా అయితే ఇంచుమించు ఏమీ మారదు. ఆ రోజు మనది 125వ ర్యాంకు, మలేషియాది 133. కొద్ది రోజుల్లో, డిసెంబర్‌లో, 2027 ఆసియా కప్ చివరి దశ క్వాలిఫయర్లకి ఏ గ్రూపులో ఎవరో తేల్చే లాటరీ తీయాల్సి ఉంది. 24 జట్లు, 6 గ్రూపులు, గ్రూపులో మొదటి జట్టుకే చోటు. జట్లని ర్యాంకు ప్రకారం కుండల్లో వేసి, ఒక్కో కుండ నుంచి ఒక్కో జట్టుని గ్రూపులోకి తీస్తారు. మొదటి కుండలో ఉంటే సిరియా, థాయ్‌లాండ్ లాంటివి మన గ్రూపులోకి రావు. ఆ నవంబర్ రాత్రి మనం ఓడి ఉంటే ఆ చోటుకి ఎసరు వచ్చేదేమో. చివరికి మొదటి కుండలోనే నిలిచాం. భేకే తల ఆనించిన ఆ బంతికి అంత విలువుంది.

ఫ్రెండ్లీల పరువు తీసినవాళ్ళు లేకపోలేదు. 2003 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ కోచ్ ఎరిక్‌సన్ ఆస్ట్రేలియా మీద హాఫ్ టైంలో పదకొండు మందినీ మార్చేశాడు. 3-1తో ఓడారు. అలాంటివి చూశాకే 2004లో దేశాల మధ్య ఫ్రెండ్లీలకి ఆరు మార్పుల పరిమితి వచ్చింది. కానీ ఆ ఆస్ట్రేలియా మ్యాచ్‌లోనే, తర్వాత పెద్ద స్టార్ అయిన వేన్ రూనీ పదిహేడేళ్ళ వయసులో మొదటిసారి ఇంగ్లండ్ చొక్కా వేసుకున్నాడు. ఆ మ్యాచ్‌ని పనికిరానిదని వదిలేసినవాళ్ళు దాన్ని చూడలేకపోయారు.

మన కథ అక్కడితో ఆగలేదు. 2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవ్స్‌తో ఫ్రెండ్లీ. ఛెత్రి రిటైర్మెంట్ వెనక్కి తీసుకుని వచ్చాడు. మేమిద్దరం ఎవరింట్లో వాళ్ళం ఫోన్లో చూశాం. 3-0. మొదటి గోలు ఎవరిది? భేకేది, మళ్ళీ తలతోనే. నా ఫోన్ మోగింది. "మావయ్యా, అదే, అదే" అని రెండే మాటలు, పెట్టేశాడు. 489 రోజుల తర్వాత గెలుపు. రెండోది లిస్టన్ కొలాసో, మూడోది ఛెత్రి.

ఆ తర్వాత మంచి రోజులే వచ్చాయని రాయాలని ఉంది, కానీ రాలేదు. వారం తిరక్కుండానే అదే షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో క్వాలిఫయర్ 0-0. జూన్‌లో హాంకాంగ్‌లో 0-1. కోచ్ మారాడు, ఖాలిద్ జమీల్ వచ్చాడు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ మీద ఛాంగ్టే గోలుతో ముందంజ వేసి కూడా 1-2తో ఓడాం. 2027 ఆసియా కప్ ఆశ ఆవిరైపోయింది. గచ్చిబౌలిలో కాపాడుకున్న మొదటి కుండ చోటు ఏం లాభం అని నాకూ అనిపించింది. నా ఉద్దేశంలో లోపం ఫ్రెండ్లీలది కాదు, అవి మరీ తక్కువ కావడానిది. కోచ్ చేతికి జట్టు కొన్ని రోజులే దొరుకుతుంది, తిరిగి క్లబ్బులకి వెళ్ళిపోతారు. 2024లో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక ఆ ఏడాది మనం ఆడిన, ఏ టోర్నీలోనూ భాగం కాని విడి ఫ్రెండ్లీలు రెండే, వియత్నాం, మలేషియా. అలవాటు పడకముందే అసలు పరీక్ష వచ్చి పడుతుంది. స్టాండ్స్ ఖాళీగా ఉంటే ఆ రెండూ కూడా పెట్టేవాడుండడు. మీరు వెళ్ళాలనడానికి ఇదో కారణం.

వెళ్తే మాత్రం నా మాట వినండి. అరగంట ముందు చేరండి. పై వరుసలో, మధ్యగీతకి కాస్త పక్కగా కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు బంతిని చూడకండి. మన డిఫెన్స్ లైను ఎక్కడుందో, కీపర్‌కీ వాళ్ళకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. ఒక ఆటగాణ్ణి ఎంచుకుని పదిహేను నిమిషాలు వాణ్ణే గమనించండి, బంతి వాడి దగ్గర లేనప్పుడు కూడా. మార్పులు మొదలయ్యాక కొత్తగా వచ్చినవాడు ఎవరికి సైగ చేస్తున్నాడో, ఎవరు బదులిస్తున్నారో పట్టించుకోండి. ఎవరైనా తప్పు చేస్తే అరవండి, పర్లేదు, కానీ ఆ తర్వాత వాడి మీద నుంచి కళ్ళు తిప్పకండి.

మావాడు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ జట్టులో లెఫ్ట్ బ్యాక్ నుంచి సెంటర్ బ్యాక్‌కి మారాడు. పోయిన నెల వాడి మ్యాచ్‌కి వెళ్ళాను. వాళ్ళ కీపర్ ముందుకొచ్చి బంతి తప్పాడు, గోలు పడింది. మావాడు పరుగున వెళ్ళి ఆ కుర్రాడి భుజం తట్టి, చేత్తో ముందుకి చూపించాడు, "మళ్ళీ అక్కడే నిలబడు" అని.