షాకా పేరు రాసేముందు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల మొదటి అయిదు అధ్యాయాలూ చదివాను. దక్షిణాఫ్రికాలోని జులూ రాజ్యం మీద తెలుగులో నవల రాయాలనుకున్న నీ తెగువ నాకెంతో నచ్చింది. కథనం గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ముందు నీ కథానాయకుడు, జులూ రాజు షాకా పేరు సంగతి తేల్చుకోవాలి. "షాకా అంటే పురుగు" అని మొదటి పేజీలోనే ఒక్క ముక్కలో చెప్పేసి వెళ్లిపోయావు. అంత తేలిగ్గా వదిలేసే విషయం కాదది.

లాంగేనీ వంశపు నందికీ, జులూ నాయకుడు సెంజాంగకోనాకూ పెళ్లి కాలేదు. ఈలోగా ఆమె నెల తప్పింది. ఆమె వైపు వాళ్లు కబురు పంపితే, అది గర్భం కాదు, పొట్ట ఉబ్బించే 'ఇషాకా' అనే పురుగు పట్టి ఉంటుందని జులూ పెద్దలు కొట్టిపారేశారట. తీరా కొడుకు పుట్టాక, "మీ పురుగు ఇక్కడుంది, తల్లినీ దాన్నీ తీసుకెళ్లండి" అని లాంగేనీ వాళ్లు మళ్లీ కబురు పెట్టారట. ఆ మాటే పేరుగా నిలిచిందంటారు. 'అట' అని ఎందుకంటున్నానో చూడు. అతను పుట్టింది 1787 ప్రాంతంలో. ఈ కథను బాగా వ్యాప్తిలోకి తెచ్చిన వాటిలో ఒకటి బ్రయంట్ అనే మిషనరీ రాసిన పుస్తకం, అది అచ్చయింది 1929లో. కాబట్టి ఈ కథను నీ సొంత గొంతుతో తీర్పులా చెప్పకు. ఒక పాత్ర నోట పెట్టు. లాంగేనీ ముసలమ్మ చెబితే అందులో కసి వినిపిస్తుంది. శత్రువు చెబితే ఎగతాళి అవుతుంది. తల్లి చెబితే ఇంకేదో అవుతుంది. నవలకు కావలసింది ఆ తేడాయే.

స్పెల్లింగ్ గొడవ కూడా ఉంది. ఒక అధ్యాయంలో చాకా, ఇంకోదాంట్లో షాకా. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో రెండు రకాలుగానూ ఉంటుంది, నువ్వు దేన్ని చదివితే దాన్ని దింపేశావు. షాకా అని ఖాయం చేసుకో. జులూ వాక్యంలో ఆ పేరు ముందు 'ఉ' చేరి ఉషాకా అవుతుంది, మనిషిని పిలిచేటప్పుడు ఆ 'ఉ' పోతుంది. డర్బన్‌లోని ఉషాకా మెరైన్ వరల్డ్ అనే సముద్రజీవుల పార్కు పేరు చూసి వేరే మనిషి అనుకునేవాళ్లున్నారు. నంది అనగానే మన పాఠకుడికి శివాలయం గుర్తొస్తుంది. జులూలో 'మ్నాంది' అంటే తియ్యనిది అని ఒక్క వాక్యం ముందే వేసేయ్, సరిపోతుంది.

ఇక అసలు విషయం. నీ మూడో అధ్యాయంలో వంటింటి కోడలు "షాకా ఇలా అన్నాడు, షాకా అలా అన్నాడు" అని మాట్లాడుతుంది. జులూ ఇళ్లలో 'హ్లోనిపా' అనే మర్యాద ఉంది. కోడలు మామ పేరు పలకదు. మన నాయనమ్మలు భర్త పేరెత్తకుండా "మా ఆయన" అన్నట్టే అనుకో, కానీ అక్కడ ఆ పేరులా వినిపించే మాటలు కూడా దాటవేస్తారు. రాజుల పేర్లకూ ఈ పట్టింపు ఉండేది. షాకా సవతి తమ్ముడు ఎంపాండే 1840 నుంచి 1872 వరకు ఏలాడు. అతని పేరు తగులుతుందని వేరును 'ఇంపాండే' అనడం మానేసి 'ఇంగ్‌క్సాబో' అన్నారు. ఇలాంటి లోకంలో నీ కోడలు రాజు పేరు అంత చనువుగా వాడదు. బెదురుతుంది, తడబడుతుంది, వేరే మాట వెతుక్కుంటుంది. ఆ వెతుకులాట చూపిస్తే సన్నివేశానికి ప్రాణం వస్తుంది.

మరి షాకాను ఏమని పిలిచేవారు? పొగడ్త పేర్లతో. ఇంబోంగీలు, అంటే రాజును కీర్తించే కవులు, అతన్ని 'నోడుమెహ్లేజి కామెంజి' అన్నారు: కూర్చున్న చోటు నుంచే ఉరిమేవాడు, మెంజి కొడుకు. మెంజి అంటే అతని తండ్రి సెంజాంగకోనాయే, అదీ పొగడ్త పేరే. మిగతా గొడ్డళ్లన్నిటినీ పదునులో మించిన 'ఇలెంబే' అనీ అన్నారు. పురుగు అన్న పేరు మీద ఇంత కీర్తి పేర్చిన జాతి అది. అతను 1828లో హత్యకు గురైన డుకూజా ఊరున్న జిల్లాకు ఇవాళ ఇలెంబే అనే పేరు. ఆ చుట్టుపక్కల చెరకు తోటల్లోకి 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలికి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. నీ పాఠకులకు ఈ ముక్క తప్పక చెప్పు.

ఈ పేరు మీద పట్టింపు ఇప్పటికీ తగ్గలేదు. 2010 మే 1న డర్బన్ దగ్గర షాకా పేరుతో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచారు. అక్కడ ఆయన్ని పశువుల మధ్య నిలబెట్టిన విగ్రహం పెడితే, పశువుల కాపరిలా ఉన్నాడు, యోధుడిలా లేడని రాజకుటుంబం అభ్యంతరం చెప్పింది. కొద్ది వారాల్లోనే దాన్ని తీసేశారు.

పురుగు కబురు నంది చెవిన పడే ఘట్టాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. ఆమె దగ్గర ఎవరున్నారు, కబురు తెచ్చినవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఆమె ఏమంది, అవన్నీ కావాలి నాకు. ముందు ఆ అధ్యాయం రాసి పంపు. మిగతావాటిని తర్వాత దిద్దుదువుగాని.