వెనక వేలు చూడు

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. ఈ చలికాలం సారస కొంగల్ని చూడటానికి ఉత్తరప్రదేశ్ వెళ్తున్నానని రాశావు. ఎక్కడ దిగాలి, ఏం పట్టుకెళ్లాలి అని అడిగావు. చెబుతాను గానీ, దానికంటే ముందు కొంగ అన్న మాట సంగతి తేల్చుకోవాలి.

మనకి పొడుగు కాళ్లుండి నీళ్లలో నిలబడే ప్రతిదీ కొంగే. ట్రాక్టరు వెనకాల నడిచే తెల్ల కొంగ, చెరువు గట్టున మెడ ముడుచుకుని నిలబడే నారాయణ పక్షి, ఉప్పలపాడులో చెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగ, నత్తలు ఏరుకుతినే నత్తగుల్ల కొంగ. ఇవేవీ సారసానికి దగ్గర చుట్టాలు కావు. తేలినీలాపురం వచ్చే ఎర్రకాళ్ల కొంగల్నీ గూడబాతుల్నీ సైబీరియా పక్షులంటారు, పాపం అవి సైబీరియా మొహమే ఎరగవు. అసలు సైబీరియా కొంగ వేరు, అది సారసం జాతిదే. ఒళ్లంతా తెలుపు, మొహం ఎరుపు, రెక్కల కొసలు నలుపు. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వచ్చేది, 2001–02 చలికాలం తరవాత రావడం మానేసింది. మన నిఘంటువుల్లో సారసం జాతికి బెగ్గురు అన్న మాట ఉంది. పూర్వం సారసాలు గోదావరి దాకా ఉండేవి మరి.

తేడా అంతా వెనక వేలిలో ఉంది. తెల్ల కొంగకి ఆ వేలు పొడుగ్గా, నేలకి ఆని ఉంటుంది, దాంతో కొమ్మని పట్టుకుంటుంది. సారసానికి అది చిన్నది, పైగా నేలకి అందకుండా ఎత్తులో ఉంటుంది. కొమ్మ పట్టు దొరకదు. (ఆఫ్రికాలో తలమీద కిరీటం లాంటి కుచ్చున్న జాతులు మాత్రం చెట్టెక్కుతాయి.) కాబట్టి చెట్టు మీద పొడుగు కాళ్ల పక్షి కనిపిస్తే అది సారసం కాదు, పుస్తకం తిరగెయ్యక్కర్లేదు. దాని బతుకంతా ఈ ఒక్క వేలు నిర్ణయించింది. చెట్టెక్కలేదు గనక రాత్రి లోతులేని నీళ్లలో నిలబడి నిద్రపోతుంది, గూడు కూడా నీళ్ల మధ్యే కడుతుంది. నేల మీద బతికేదానికి కుక్క, నక్క, మనిషి ఎటునుంచి వస్తారో కనిపించాలి. అందుకే చుట్టూ తెరపిగా ఉన్న చోటునే ఎంచుకుంటుంది. నిలబడితే ఇంచుమించు ఆరడుగులు. నువ్వు దాన్ని చూసేలోపే అది నిన్ను చూసి ఉంటుంది, ఇది గుర్తుపెట్టుకో.

ఎగిరేటప్పుడు మెడ బారుగా చాపుతుంది. నారాయణ పక్షి మెడ మడిచి ఎగురుతుంది. ఎర్రకాళ్ల కొంగ కూడా మెడ చాపే ఎగురుతుంది కాబట్టి ఆ ఒక్క గుర్తునీ నమ్ముకోకు. నేల మీద ఉన్నప్పుడు వెనక భాగం చూడు. రెక్కల లోపలి ఈకలు తోక మీదికి జాలువారి, కుచ్చిళ్లు దోపినట్టు కనిపిస్తాయి. ఒళ్లు బూడిద రంగు. తల, మెడ పైభాగం ఈకల్లేని ఎర్రటి చర్మం, నడినెత్తి మాత్రం బూడిద రంగు. కాళ్లు గులాబీ ఎరుపు. తల మీద తుప్పు రంగు ఈకలుంటే అది ఇంకా ఏడాది నిండని పిల్ల. ఆడదీ మగదీ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. మగది కాస్త పెద్దది గానీ, ఒంటరిగా కనిపించినప్పుడు ఆ లెక్క పనికిరాదు.

తేడా తెలిసేది కూత దగ్గర. జోడీ పక్కపక్కన నిలబడి, తలలు వెనక్కి వాల్చి ఒకేసారి కూస్తాయి. మగది ఒక్కసారి కూసే లోపు ఆడది రెండుసార్లు కూస్తుంది. మగది రెక్కలు పైకెత్తుతుంది. గాలిగొట్టం రొమ్ము ఎముక లోపలికి చుట్టుకుని ఉండటం వల్ల ఆ గొంతు చాలా దూరం పోతుంది. కళ్లతో వెతికే ముందు పొద్దున్నే పది నిమిషాలు ఊరికే నిలబడి విను. సగం పని అక్కడే అయిపోతుంది.

మైన్‌పురి, ఇటావా జిల్లాలు మంచి చోటు. ఇటావా వైపు సర్సయీ నావర్ చెరువు, మైన్‌పురి వైపు సమన్ అభయారణ్యం చూసుకో. డిసెంబరు చివర, జనవరిలో అక్కడ పొగమంచు పట్టిందంటే పది గంటలదాకా పది గజాల దూరం కనిపించదు, రైళ్లూ ఆలస్యమే. నవంబరు మధ్యలో గానీ ఫిబ్రవరిలో గానీ పెట్టుకో. గోధుమ ఇంకా పొట్టిగా ఉంటుంది, పిల్లలు తల్లిదండ్రుల వెంటే తిరుగుతుంటాయి. అంతదూరం కుదరకపోతే మహారాష్ట్రలో గోండియా చూడు. తెలంగాణకి అదే దగ్గర, బల్లార్షా నుంచి రైలు మార్గం ఉంది. అక్కడ పక్షులు కొద్దే, ఓపిక ఎక్కువ కావాలి.

ఊళ్లోకి వెళ్లాక టీ కొట్టు దగ్గర రైతుల్ని "సారస్ కా జోడా" ఎక్కడుందని అడుగు. స్థిరపడ్డ జోడీకి సొంత హద్దు ఉంటుంది, ఏ మడిలో ఉంటాయో వాళ్లకి తెలుసు. పొలంలో అడుగు పెట్టేముందు పొలంవాళ్ల అనుమతి తీసుకో.

ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే, 42 మిల్లీమీటర్ల గాజున్న బైనాక్యులర్ చాలు. తెల్ల చొక్కా వద్దు. కారు ఉంటే దిగొద్దు. ఆగి ఉన్న బండిని అవి పట్టించుకోవు, నడిచొచ్చే మనిషినే పట్టించుకుంటాయి. కనీసం 150–200 మీటర్లు ఎడం ఉంచు. దగ్గరికి జరగక తప్పకపోతే నేరుగా కాకుండా ఏటవాలుగా, ఆగి ఆగి నడువు. మేత ఆపి మెడ నిటారుగా ఎత్తిందంటే నువ్వు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. రెండూ నీవైపే చూస్తూ పక్కకి నడవడం మొదలెడితే వెనక్కి రా. అప్పటికీ రాకపోతే ఎగురుతాయి, నష్టం అక్కడే. బరువైన పక్షి, గాలికి ఎదురుగా నాలుగడుగులు పరుగెత్తి గానీ లేవలేదు, లేచాక చటుక్కున మలుపు తిరగలేదు. కరెంటు తీగలకి తగిలి చచ్చిపోయే సారసాలు తక్కువేం కాదు. అందుకే వెళ్లగానే తీగలు ఎటున్నాయో చూసుకుని, తీగలవైపే నువ్వు ఉండు. లేచినా అవి అవతలికి పోతాయి.

వానాకాలంలో ఎప్పుడైనా వెళ్తే ఇంకా జాగ్రత్త. నీళ్లలో గడ్డి, తుంగ, వరి దుబ్బులు పోగేసి పెద్ద దిబ్బలా కడతాయి, మామూలుగా రెండు గుడ్లు. ఇద్దరూ వంతులవారీగా నెలరోజులు పొదుగుతారు. మనిషి వస్తే గూటి అంచు గడ్డి లాగి గుడ్ల మీద కప్పి పక్కకి జరిగిపోవడమూ ఉంది. "మనల్ని చూసి బెదరలేదు" అని ఫొటోలు తీసుకుంటూ నిలబడితే అంతసేపూ గుడ్లు కాకులకి అప్పజెప్పినట్టే. గుడ్లు పిల్లలయ్యాక మరో సంగతి. పెద్దవి గొంతులోంచి సన్నగా "కొర్ర్" అంటే పిల్లలు ఉన్నచోటే కదలకుండా అణిగిపోతాయి. ఆ శబ్దం విన్నాక గడ్డిలోకి అడుగెయ్యకు, కాలి కింద పిల్ల ఉండొచ్చు. పిల్ల ఒంటరిగా దొరికిందని ఎత్తుకోకూడదు. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి, పైగా పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం.

గంతులేస్తూ గడ్డిపరకలు ఎగరేసే ఆట కనిపిస్తే జతకట్టేందుకే అనుకోకు, పిల్లలు కూడా ఏడాది పొడుగునా ఆడతాయి. జత చచ్చిపోతే రెండోది తిండి మానేసి ప్రాణం వదులుతుందని అక్కడ చెబుతారు. వినడానికి బాగుంటుంది, కానీ మళ్లీ జత కట్టినవి ఉన్నాయి. వాల్మీకి క్రౌంచం సారసమేనా అన్న వాదన తెగేది కాదు, గైడుతో పెట్టుకోకు.

తిరుగు ప్రయాణంలో రాజస్థాన్ వెళ్తే ఫలోడీ దగ్గర ఖీచన్ చూడు. అక్కడి కుర్జాలు సారసంలో సగం ఎత్తుండే చిన్న జాతి, కంటి వెనక తెల్ల కుచ్చు, నల్ల మెడ. హిమాలయాలు దాటి వచ్చి మార్చి దాకా ఉంటాయి. ఊరివాళ్లు గింజలు చల్లే చుగ్గా ఘర్ దగ్గర పొద్దున్నే వేలల్లో దిగుతాయి. అక్కడ నువ్వు వేరే మేత వెయ్యకు.

రాసుకునేటప్పుడు పెద్దవెన్ని, తుప్పు రంగు తల పిల్లలెన్ని, ఏ పంటలో, నీళ్లెంత, టైమెంత అన్నవి విడివిడిగా రాయి. గూడు కనిపిస్తే ఆ చోటు మాత్రం ఫొటో కింద పెట్టకు. ఫోన్లో ఫొటోకి చోటు దానంతటదే అంటుకునే సెట్టింగు బయల్దేరే ముందే ఆపెయ్యి.

ఇట్లు,
పెదనాన్న