క్లచ్ మార్చినా వణుకు పోలేదంటే ఫ్లైవీల్ చూడండి
కొత్త క్లచ్ సెట్ వేయించినా ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు కారు వణుకుతోందని, ఇంజన్ ఆపగానే కింద ‘టక్’మంటోందని రాశారు. నాకైతే ఫ్లైవీల్ మీదే అనుమానం, అంటే ఇంజన్ చివర క్లచ్ ప్లేట్ ఆనుకునే బరువైన చక్రం మీద. అయితే గేర్‌బాక్స్ దింపే ముందు ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూపించండి. అవి పోయినా ఇలాగే వణుకుతుంది, పైగా అది చిన్న పని.

మౌంట్లు బాగుంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. దింపినప్పుడు మీరూ దగ్గరుండండి. బాగా వేడెక్కిన ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుకంత సన్నని పగుళ్లు కనిపిస్తాయి. వేలు పెట్టి రాస్తే గాట్లు తగులుతాయి.

మామూలు ఒంటి ముక్క ఫ్లైవీల్ అయితే, పగుళ్లు లోతుగా లేకపోతే, కంపెనీ చెప్పిన మందం తగ్గకుండా లేత్ మీద ఫేసింగ్ చేయించొచ్చు, అంటే పై ముఖాన్ని పలచగా చెక్కి నున్నగా చేయించడం. డ్యూయల్ మాస్ రకమైతే (రెండు ముక్కలు, మధ్యలో స్ప్రింగులు ఉండేది) ఆ పని పెట్టుకోకండి. లోపలి స్ప్రింగులు అరిగితే ఆ ‘టక్’ వస్తుంది, పైన ఎంత గీకినా లాభం లేదు. చేత్తో తిప్పినా, ఊపినా పరిమితికి మించి ఆడుతుంటే మార్చేయడమే. బోల్టులు కూడా కొత్తవే వేయించండి.

అన్నట్టు, వెనక క్రాంక్ ఆయిల్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చివర ఇంజన్ నూనె బయటికి రాకుండా ఆపేది) కారుతోందేమో అప్పుడే చూడండి. ఆ నూనె పడితే కొత్త క్లచ్ ప్లేట్ కూడా వణుకుతుంది.